ఉన్నత పాఠశాలలో సంవత్సరాంతము

శివరాత్రితో చలి శివశివా యని వెడలిపోవునని మన పెద్దలు చెప్పుదురు. ఆ మాట నిజమని తెలుపుచు వేపచెట్లు పూతకు వచ్చును. మామిళ్లు పిందె తొడుగును. పెరళ్లలో మిరపకాయలు ఎండకు పరచుకొనును. పదవతరగతి పిల్ల లున్న యిండ్లలో మాత్రము ఈ ఋతువునకు వేరొక గుర్తు కలదు. తెల్లవారుజామున నాలుగు గంటలకే ఒక గదిలో దీపము వెలుగును. టెలివిజను మూతపడును. చుట్టములు ఇప్పుడిప్పుడే రావలదని మర్యాదగా సూచింపబడుదురు. రేడియో స్వరము తగ్గింపబడును. ఈ ప్రసంగము కూడ అట్టి కొన్ని యిండ్లలో చిన్న గొంతుకతోనే వినబడుచుండునని నే నెరుగుదును.

పంచాంగమున కొక సంవత్సరము, పాఠశాల కొక సంవత్సరము. పంచాంగము ఉగాదినాడు మారును. పాఠశాల సంవత్సరము ఏప్రిలు 23వ తేదీ ప్రాంతమున ముగిసి, వేసవి సెలవులు గడచి, జూన్ 12వ తేదీన మరల ఆరంభమగుట చాల యేండ్లుగా మన తెలుగునాట వాడుకయై యున్నది. నేను 1988లో కృష్ణాజిల్లాలోని యొక జిల్లాపరిషత్తు ఉన్నత పాఠశాలలో గణితోపాధ్యాయుడుగా చేరి, పిదప ప్రధానోపాధ్యాయుడనై, 2022లో పదవీవిరమణ చేసితిని. ముప్పదినాలుగు పర్యాయములు పాఠశాలా సంవత్సరాంతమును లోపలనుండి చూచితిని. బయటివారికి సంవత్సరాంత మనగా పబ్లికు పరీక్ష యొక్కటియే. లోపలివారి కది నాలుగైదు మాసముల జీవితము. ఆ జీవితమును గూర్చియు, అందులో నేను చేసిన యొక పొరపాటును గూర్చియు నేడు మీతో ముచ్చటించ దలచితిని.

సంవత్సరాంతమునకు నాంది పరీక్ష ఫీజు కట్టు దినములలోనే జరుగును. పరీక్షకు వెళ్లువారి జాబితాకు నామినల్ రోలని పేరు. విద్యార్థి పేరు, తలిదండ్రుల పేర్లు, పుట్టినతేది, ఒంటిమీది రెండు పుట్టుమచ్చలు అందులో ఎక్కవలెను. ఆ నాడు తరగతిలో నుండు సందడి మరి యేనాడును ఉండదు. ముంజేతులు, మెడలు, చెవితమ్మెలు అన్నియు పరీక్షింపబడును. మొదటి మచ్చ తేలికగానే దొరకును, రెండవదానికే వెదుకులాట. ఎంత వెదకినను రెండవది కానరాని పిల్లవాడొకడు మోకాటిమీది పాత గాయపు మచ్చను చూపి, ‘ఇది చాలదా మాస్టారూ, చెట్టుమీదనుంచి పడినప్పటిది’ అని బతిమాలుకొనెను.

పుట్టినతేది సంగతి అంత నవ్వులాట కాదు. పదవతరగతి యోగ్యతాపత్రములో ఎక్కిన తేదియే ఉద్యోగమునకు, పాస్‌పోర్టునకు, తుదకు పింఛనునకు కూడ నిలుచును. ఒకసారి ఎక్కినదానిని దిద్దించుట కష్టసాధ్యము. మా ప్రాంతమున ఒక తండ్రిని పిలిచి కుమారుని పుట్టినతేది అడుగగా, ‘దివిసీమ ఉప్పెన నాటికి వీడు చంకలో పిల్లాడండి’ అని చెప్పెను. ఆ ఉప్పెన వచ్చినది 1977 నవంబరు 19వ తేదీన. మా రిజిస్టరులో మాత్రము ఆ బాలుడు ఉప్పెన వెళ్లిన మరుసటి జూన్ మాసమున పుట్టినట్లుండెను. చిన్నబడిలో చేర్చుకొన్న ఉపాధ్యాయుడు బడి తెరచిన మాసమునే జన్మమాసముగ వ్రాసి యుండవలెను. ఆనాటి మా తరగతులలో పెక్కుమందికి జూన్, జూలై మాసములలోనే జన్మదినములు వచ్చుచుండుట ఇందువలననే. కనుక తలిదండ్రు లొకమారు బడికి వచ్చి ఆ జాబితాలోని తమ బిడ్డ వరుసను స్వయముగా చదివి చూచుకొనవలెనని నా మొదటి మనవి. అక్షరదోష మొక్కటి యున్నను అది బిడ్డతోపాటు పెరిగి పెద్దదగును.

సంక్రాంతి వెళ్లగనే పాఠశాలకు వార్షికోత్సవపు కళ వచ్చును. మధ్యాహ్నము మూడు గంటలకు ఆటస్థలములో సున్నపు గీతలు పడును. కబడ్డీ, ఖోఖో, వాలీబాలు, పరుగుపందెములు, చిన్నతరగతుల వారికి చెంచాలో నిమ్మకాయ పరుగు, ఉపాధ్యాయినులకు కుర్చీలాట. లోపల ఒక గదిలో వ్యాసరచన, వేరొక గదిలో వక్తృత్వము, చెట్టుక్రింద పద్యపఠనము. తరగతి గదిలో నోరు విప్పని పిల్ల పద్యపఠనములో మొదటి బహుమానము పొందుటయు, లెక్కలలో ఎప్పుడును మొదట నుండువాడు పరుగులో కడపట నిలిచి నవ్వుచు వచ్చుటయు ఈ దినములలోనే చూడగలము. బహుమానములు పెద్దవి కావు. ఒక స్టీలు పళ్లెము, ఒక టిఫిను డబ్బా, ఒక పుస్తకము. అయినను ముప్పది యేండ్ల తరువాత కూడ ఆ పళ్లెముమీద చెక్కించిన పేరును చూపి మురియు గృహిణులను నే నెరుగుదును.

ఇక నాటకము. మా ప్రాంతపు పాఠశాలలలో తిరుపతి వేంకట కవుల ఉద్యోగ విజయములనుండి రాయబార ఘట్టమును ఆడించుట చిరకాలపు ఆచారము. పడకసీను, రాయబారము అన్నచో ఊరి పెద్దలు కూడ కుర్చీలు ముందుకు జరుపుకొందురు. దుస్తులు పట్టణమునుండి అద్దెకు వచ్చును. కిరీటము తలకన్న పెద్దదిగా నుండి కనుబొమలమీదికి జారును. హార్మోనియము వాయించుటకు ఊరి భజనసమాజమువారు ఒకరు దయచేయుదురు. ఈ వేడుకలన్నియు చదువునకు విఘ్నములని అప్పటి నా యభిప్రాయము. నా పొరపాటు అక్కడనే మొదలైనది.

1994వ సంవత్సరపు మాట. పదవతరగతిలో ఒక బాలుడు కృష్ణుని వేషమునకు ఎన్నిక కాబడెను. వాని పేరు చెప్పను. వాడు పద్య మెత్తుకొన్నచో దారిని పోవువారు గోడవద్ద నిలిచి వినెడివారు. కాని గణితములో వానికి అర్ధసంవత్సర పరీక్షలో నూటికి 14 మార్కులు వచ్చినవి. ఉత్తీర్ణతకు 35 కావలెను. నేను తరగతి ఉపాధ్యాయుడను, పైగా గణితోపాధ్యాయుడను. వానిని పిలిచి, ‘నాటకము మానుకో. సాయంకాలము ప్రత్యేక తరగతికి రా’ అని ఆజ్ఞాపించితిని. వాడు మారు పలుకక, ‘సరే మాస్టారూ’ అని వెడలెను. కృష్ణుని వేషము వేరొకనికి వెళ్లెను. మంచిపని చేసితిననియే నేను తలచితిని.

పదిదినములు వాడు ప్రత్యేక తరగతికి వచ్చెను. కడపటి బల్లమీద కూర్చుండెడివాడు. నేను నల్లబల్లమీద లెక్క చేయుచుండగా ఆవలి గదినుండి హార్మోనియము వినవచ్చెడిది. తరువాత వాడు సాయంకాలము రాలేదు. ఆ పిదప ఉదయము కూడ రాలేదు. వార్షికోత్సవమునాడు కానరాలేదు. పరీక్షలు సమీపించి హాలుటికెట్లు వచ్చినవి. అందరును తీసికొని సంతకములు చేసిరి. ఒక్క హాలుటికెట్టు నా సొరుగులో మిగిలినది. దానిమీది ఛాయాచిత్రములో వాడు చొక్కా పైబొత్తాము వరకు పెట్టుకొని నిటారుగా చూచుచుండెను.

సైకిలుమీద వెదకుచు వెళ్లితిని. వాడు బియ్యపు మిల్లులో గోతాముల మూతులు కుట్టుచు కనబడెను. ‘హాలుటికెట్టు వచ్చిందిరా. బడికి రావడం ఎందుకు మానేశావు?’ అని అడిగితిని. వాడు దబ్బనము చేతిలో పట్టుకొనియే లేచి నిలిచి, ‘నాటకంలో లేను గదా మాస్టారూ. ఇంక బడిలో నాకేం పనుందండీ?’ అనెను. ఆ మాటలో కోపము లేదు. ఉన్న సంగతిని చెప్పినట్లే చెప్పెను. అందుకే అది నన్ను మరింత బాధించినది.

బ్రతిమాలి పరీక్ష వ్రాయించితిని. తక్కిన వానిలో గట్టెక్కి గణితములో తప్పెను. మార్చి పోతే సెప్టెంబరని లోకోక్తి యున్నది గాని, వానికి ఆ సెప్టెంబరు రాలేదు. మిల్లు వాని నప్పటికే తనవానినిగా చేసికొన్నది. నాటకములో నుంచియున్నచో వాడు తప్పక ఉత్తీర్ణుడై యుండునని నేను చెప్పజాలను. బహుశః అప్పుడును తప్పియే యుండును. కాని బడికి వచ్చుచుండెడివాడు. వచ్చువానికి ఏదో యొకటి చెప్పవచ్చును. రానివానికి ఏమియు చెప్పలేము. కొందరు పిల్లలను బడికి కట్టివేయు దారము పాఠ్యపుస్తకములో నుండదు. ఆటస్థలములోనో, రంగస్థలముమీదనో, స్కౌటు దళములోనో ఉండును. ఆ దారమును త్రెంచి, వాడు బడిలో నిలువలేదని మనమే నిందింతుము.

నాటినుండి నా అధీనములో నున్నంతవరకు మూడు నియమములు పాటించితిని. మొదటిది, వార్షికోత్సవమును ఫిబ్రవరి దాక సాగనీయక, జనవరి మాసాంతములోపల ముగించుట. దానివలన వేడుకకు వేడుకయు, పునశ్చరణకు కాలమును దక్కినవి. రెండవది, మార్కులు తక్కువైనవని ఎవరిని గాని ఆటనుండి, పాటనుండి, నాటకమునుండి తొలగింపకుండుట. మూడవది కొంత చిత్రముగా దోచవచ్చును. ఏ విషయములో వెనుకబడిన పిల్లవానికి ఆ విషయమునకు సంబంధించిన పనినే వేడుకలలో అప్పగించుట. లెక్కలు రానివాడు చందాల లెక్క వ్రాయవలెను. తెలుగు వ్రాత సరిగాని పిల్ల గోడపత్రికకు ప్రతులు వ్రాయవలెను. ఆంగ్లమనిన జంకువాడు అతిథిని పరిచయము చేయు నాలుగు వాక్యములు నేర్చుకొనవలెను.

ఒక యేడాది వీడ్కోలు సమావేశమునకు 58 మంది, మనిషికి 20 రూపాయల చొప్పున 1160 రూపాయలు వసూలు చేసిరి. లెక్క వ్రాసిన బాలిక గణితములో కడపటి వరుసలోనిది. లడ్డులకు, కారపుబూందీకి, రంగుకాగితములకు, ఫొటోగ్రాఫరునకు ఎంతెంతయో పట్టికలో వ్రాసి, మిఠాయి దుకాణమువాడు కూడికలో 30 రూపాయలు ఎక్కువ వేసెనని కనిపెట్టినది. వెళ్లి తిరిగి రాబట్టినది కూడ ఆమెయే. ఖర్చులు పోగా 85 రూపాయలు మిగిలినవి. వానినేమి చేయవలెనని తరగతి యంతయు అరగంట చర్చించి, త్రాగునీటి కుండకు కొత్త మూతయు, పొడవుకాడ గరిటెయు కొని పాఠశాలకు బహూకరించిరి. గోడగడియారములు, సరస్వతీ పటములు ఎన్నియో బహుమతులుగా వచ్చినవి. ఆ గరిటె యుపయోగపడినంతగా మరి యేదియు ఉపయోగపడలేదు.

వీడ్కోలు సమావేశము తొమ్మిదవతరగతివారు పదవతరగతివారికి చేయు విందు. ఆనాడు పెద్దపిల్లలే అతిథులు. చిన్నవారు గుమ్మములకు మామిడాకులు కట్టి, నల్లబల్లమీద రంగుసుద్దలతో స్వాగతము వ్రాసి, వడ్డించుటకు నిలుతురు. అప్పటివరకు బెత్తమునకు జంకిన పిల్లలు ఆనాడు వేదికపై ఉపాధ్యాయుల నడకలను, మాటతీరులను అనుకరించి నవ్వింతురు. నేను ప్రతి లెక్క చివరను ‘అంతే గదా, ఇందులో ఏముంది?’ అనుచుందునని నాకు ఒక పిల్లవాడు అనుకరించి చూపు వరకు తెలియదు. నిజమునకు వారి కందులో చాల ఉన్నది. ఆ మాట మానుకొనుటకు నాకు రెండేండ్లు పట్టినది.

ఫొటో సంగతి చెప్పవలెను. తరగతి గదులలోని బల్లలు వేపచెట్టు నీడకు చేరును. ముందు వరుసలో కుర్చీలు, నడుమ ప్రధానోపాధ్యాయుడు, ఇరుప్రక్కల ఉపాధ్యాయులు, వెనుక మెట్లు మెట్లుగా పిల్లలు. అంచున గంట కొట్టు అటెండరు కొంచెము దూరముగా నిలిచి, ఫొటోలో పడుదునో పడనో యని సంకోచించును. పిల్లలే అతనిని లోనికి లాగుదురు. ఒకప్పుడు ఫొటో ప్రతికి డబ్బులేక ఆనాడు బడికి రాకుండనే యుండిపోయినవారు కొందరుండెడివారు. ఈ సంగతి గ్రహించిన పిదప ప్రతి యేడును ఉపాధ్యాయులమే తలాకొంత వేసికొని అందరికిని ప్రతులు తీయించితిమి. ఇప్పుడు చరవాణులు వచ్చి ఫొటోలకు కొదువ లేదు. అయినను అందరును ఒకే చట్రములో నిలుచు ఆ ఫొటోకు విలువ తగ్గలేదు.

వీడ్కోలు సభలో పిల్లలు మాటలాడు మాటలను పెద్దలు శ్రద్ధగా వినవలెను. ఒక సంవత్సరము వందనసమర్పణ చేసిన బాలిక, ‘రేపటినుంచి ఈ యూనిఫారం మా చెల్లెలిది’ అని నవ్వుచు ముగించెను. సభ చప్పట్లు కొట్టినది. నా ప్రక్కనున్న ఉపాధ్యాయిని మాత్రము చప్పట్లు కొట్టలేదు. ‘ఆ పిల్లకి వైశాఖంలో పెళ్లి అనుకుంటున్నారండి’ అని నెమ్మదిగా చెప్పెను. ఆ బాలికకు పదునారవ యేడు. 2006వ సంవత్సరపు చట్టము ప్రకారము ఆడపిల్లకు 18 యేండ్లు నిండనిదే వివాహము చేయరాదు. ఆ సంగతి ఆ యింటివారికి తెలియక కాదు.

మేము ముగ్గురము వారి యింటికి వెళ్లితిమి. తండ్రి మంచము వాల్చి, మజ్జిగ యిప్పించి, ‘మంచి సంబంధం మాస్టారూ. మళ్లీ దొరకదు’ అనెను. ద్వారబంధము వద్ద నిలిచిన తల్లి, ‘పదో తరగతి రాసేదాకా ఆగమంటే ఆగాం గదండీ’ అనెను. పరీక్ష మనకు ఒక మెట్టు. ఆ యింట అది ఒక గడువు. ఆ భేదము నాకు అప్పుడు అర్థమైనది. చట్టము పేరెత్తినచో తలుపు మూసికొనునని గ్రహించి, ప్రభుత్వ వసతిగృహముతో కూడిన కళాశాల యున్నదనియు, చదువు పూర్తియైన పిల్లకు సంబంధములు తగ్గవనియు ఉపాధ్యాయిని వివరించినది. మూడవ పర్యాయము వెళ్లినప్పుడు వారు వివాహమును వాయిదా వేసిరి. ఆ బాలిక ఇంటర్మీడియెటు చదివి, నర్సు శిక్షణ పొందినది. మరొక యేడాది మరొక యింట మా మాట నెగ్గలేదు. మాట నెగ్గని చోట పిల్లల రక్షణకు 1098 సంఖ్యకు టెలిఫోను చేయవచ్చును. కాని ఆ అవసరము రాకుండ ముందే తెలిసికొనుట మేలు. అందుకు వీడ్కోలు సభ యొక మంచి కిటికీ.

మార్చి నడుమ ఒంటిపూట బడులు మొదలగును. గంట ముందుగా మ్రోగును. మధ్యాహ్నమునకే బడి ముగియును. ఈ కాలముననే పరీక్షలు వచ్చును. హాలుటికెట్టును దేవుని పటమువద్ద నుంచి కుంకుమ పెట్టుట, కొత్త కలములు రెండు, వ్రాత అట్ట ఒకటి సిద్ధము చేసికొనుట, గడపదాటు వేళ తల్లి పెరుగు పంచదార నోట పెట్టుట నేటికిని ఉన్నవి. ఒకప్పటి పదునొకండు ప్రశ్నపత్రములు ఇటీవల తగ్గింపబడి భారము కొంత తేలికయైనది. భయము మాత్రము ఆ లెక్కన తగ్గలేదు. తలిదండ్రులు చేయవలసినది స్వల్పము. కేంద్రము ఎచ్చటనో ముందునాడే చూచి రండు. ఉదయము వేడియన్నము పెట్టుడు. వ్రాసి వచ్చినవానిని ప్రశ్నపత్రము తెరచి ప్రశ్న ప్రశ్నకు నిలదీయకుడు. అయిపోయిన పత్రములో దిద్దగలిగినది ఏమియు లేదు. మరునాటి పత్రములో చెడగొట్టగలిగినది మాత్ర మున్నది.

ఈ పరీక్ష నేటిది కాదు. ఆరవ ఫారము చివర స్కూలుఫైనలు వ్రాసిన తాతలు మీ యిండ్లలో నుందురు. 1952లో ఏర్పడి మరుసటి సంవత్సరము నివేదిక సమర్పించిన మాధ్యమిక విద్యా సంఘము, డాక్టరు ఆర్కాటు లక్ష్మణస్వామి మొదలియారుగారి యధ్యక్షతన, బయటి పరీక్షల సంఖ్య తగ్గవలెననియు, విద్యార్థి పాఠశాలలో చేసిన సకల కృషియు నమోదై లెక్కకు రావలెననియు సూచించినది. ఆటపాటలు, సంఘములు, శ్రమదానములు పాఠశాలా జీవితములో భాగములేనని వారి యభిప్రాయము. 1964 మొదలు 1966 వరకు పనిచేసిన కొఠారీ సంఘము సూచనల పిదప పది సంవత్సరముల పాఠశాల విద్య, ఆపై రెండు సంవత్సరముల విద్య అను క్రమము స్థిరపడినది. సంఘములు వచ్చి వెళ్లినవి. తరగతుల లెక్క మారినది. చివరి పరీక్ష పెత్తనము మాత్రము అట్లే యున్నది.

ఆ పెత్తనము రెండు సంవత్సరములు తనంత తాను తొలగినది. కోవిడు వ్యాధివలన 2020లో తెలంగాణములో మొదలైన పదవతరగతి పరీక్షలు నడుమ నిలిచిపోగా, ఆంధ్రప్రదేశములో మొదలే కాలేదు. ఆ యేడును, 2021లోను రెండు రాష్ట్రములలో పరీక్షలు రద్దయి విద్యార్థులు ఉత్తీర్ణులుగా ప్రకటింపబడిరి. పరీక్ష లేనందులకు పిల్లలు ఎగిరి గంతులు వేయుదురని నేను తలచితిని. టెలిఫోనులో వారు నన్నడిగినది వేరొకటి. ‘మనకి ఫొటో లేదా సార్? వీడ్కోలు పార్టీ ఎప్పుడు పెడతారు సార్?’ అని అడిగిరి. పరీక్ష పోయినందుకు విచారించిన పిల్ల లుండిరేమో గాని, నాకు వినబడినది ఈ విచారమే. ఒకరి నొకరు చూడకుండ పాఠశాల ముగిసిపోవుట వారికి కొరతగా తోచినది.

ఇక ఫలితములదినము. మునుపు పత్రికలో హాలుటికెట్టు సంఖ్యలు అచ్చయ్యెడివి. పట్టణమునుండి మొదటి బస్సు తెచ్చు పత్రికకై పిల్లలు రోడ్డుమీద కాచియుండెడివారు. అంకె కనబడనివాడు చప్పుడు చేయక వెనుకకు తిరిగెడివాడు. ఇప్పుడు ఫలితము ఒక్క నిమిషములో అరచేతికి వచ్చును. ఇరుగుపొరుగు వారికి కూడ అదే నిమిషమున వచ్చును. బిడ్డ సర్దుకొనుటకు వెనుకటి వ్యవధి లేదు. 2019 ఏప్రిలులో తెలంగాణ ఇంటర్మీడియెటు ఫలితములు వెలువడిన పిదప ఇరువదిమంది విద్యార్థులవరకు ప్రాణములు కోల్పోయిరని పత్రికలలో చదివి తల్లడిల్లని ఉపాధ్యాయుడు లేడు. ఆ దినమున పెద్దలలో ఒకరు ఇంటివద్ద నుండుడు. బిడ్డ నొంటరిగా విడువకుడు. పక్కింటివారి మార్కులు ప్రస్తావింపకుడు. మొదటి మాటగా ‘అన్నం తిన్నావా?’ అని యడుగుడు. మనసు కలతగా నున్నవారితో మాటలాడుటకు ప్రభుత్వమువారి టెలిమానసు సేవ 14416 సంఖ్యపై రేయింబవళ్లు లభ్యమగుచున్నది.

తప్పినవాని దారి మూసికొనిపోలేదని కూడ చెప్పుడు. నా విద్యార్థి కాలమువలె నెలల తరబడి వేచి సంవత్సరము పోగొట్టుకొనవలసిన పని నేడు లేదు. ఫలితములు వచ్చిన కొద్ది వారములకే అడ్వాన్స్‌డు సప్లిమెంటరీ పరీక్ష జరుగును. అందులో నెగ్గినవారు ఆ సంవత్సరమే పైచదువులో చేరవచ్చును. ఉత్తీర్ణులైన వారికి కూడ ఇంటర్మీడియెటు ఒక్కటియే మార్గము కాదు. పాలిటెక్నికు కలదు. ఐ.టి.ఐ. కలదు. 2008లో స్థాపింపబడిన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయములో పదవతరగతి ప్రతిభను బట్టి ఆరేండ్ల చదువునకు ప్రవేశము కలదు. బిడ్డ చేతులు ఏ పనిలో ఉత్సాహపడునో సంవత్సరాంతపు వేడుకలలో గమనించిన తలిదండ్రులకు ఈ నిర్ణయము అంత కష్టము కాదు. వేదికకు దీపములు అమర్చినవాడు, పందిరి నిలబెట్టినవాడు, లెక్కలు తేల్చినది, తగవులు తీర్చినది ఎవరో ఆనాడే కనబడుదురు.

నేను విరమించుటకు కొన్నియేండ్ల ముందు, జూన్ మాసమున ఒకనాడు, బియ్యపు మిల్లులో కాటా గుమాస్తాగా నున్న యొక మనుష్యుడు కుమార్తెను ఎనిమిదవ తరగతిలో చేర్చుటకు వచ్చెను. తల నెరసినది గాని, నిటారుగా చూచు చూపు మారలేదు. దరఖాస్తు నింపి, సంతకము చేసి, పిల్లను ముందుకు జరిపి నాతో ఇట్లనెను: ‘ఇదీ నాలాగే లెక్కల్లో మొద్దండీ. కానీ బాగా పాడుద్ది. ఎన్ని మార్కులొచ్చినా దీన్ని పాటలోంచి మాత్రం తీసెయ్యకండి మాస్టారూ.’

‘తీసెయ్యను’ అని మాట యిచ్చితిని. ఆ బాలిక మూడేండ్లు ప్రతి వార్షికోత్సవమునందును పాడినది. గణితములో 41 మార్కులతో గట్టెక్కినది.

ఏప్రిలు 23వ తేదీ మధ్యాహ్నము అటెండరు ఇనుపపట్టా ముక్కమీద దీర్ఘముగా గంట కొట్టును. చిన్నతరగతుల పిల్లలు కేకలు వేయుచు గేటు దాటుదురు. పదవతరగతి గది అప్పటికే ఖాళీగా నుండును. బల్లలమీద చెక్కిన పేర్లు, గోడమీద చెరపని ఒక తేదీ, మూలను రంగుకాగితపు ముక్కలు మిగులును. వాని నూడ్చుచు అటెండరు ప్రతి యేడును నాతో, ‘ఈ యేటి పిల్లలు మంచివాళ్లండీ’ అనెడివాడు. ఒక్క యేడు కూడ అతడు వేరొక మాట అనలేదు.

ఈ మార్చి మాసమున మీ యింట తెల్లవారుజామున వెలుగు ఆ దీపముక్రింద కూర్చుండినది కూడ అట్టి పిల్లలలో నొకరే. చదువుకొననిండు. దానితోపాటు ఆ యొక్క సాయంకాలము వీడ్కోలు సభకు పోయిరానిండు.